ఇంకా పస ఉన్న బట్ట



మన ఇళ్ళల్లో బిడ్డ పుడితే మొట్టమొదట ఒంటికి తగిలేది పాత బట్టే. పురిటికి వెళ్ళేటప్పుడు సంచిలో అమ్మమ్మ ముందుగా సర్దేది తాతయ్య పాత పంచె ముక్కలు, తన నూలు చీర చింపి చేసిన పొత్తిగుడ్డలు. గంజి పోయి, రంగు పోయి, ఉతికి ఉతికి మెత్తబడి, ఉత్త నూలు మిగిలిన గుడ్డ అది. పసికందు ఒంటికి అంతకన్నా సుఖమైనది లేదని ఆవిడకు తెలుసు. కొత్త చొక్కా తొడగడానికి బారసాల దాకా ఆగుతారు. ఊపే ఉయ్యాల కూడా చాలా ఇళ్ళల్లో దూలానికి కట్టిన పాత చీరే. మేడలో పుట్టినా పాకలో పుట్టినా, ఒకరు కట్టి విడిచిన బట్టలోనే మనం కళ్ళు తెరిచాం. ఆ బిడ్డే పెద్దయ్యాక, "ఎవరో విడిచింది నేను కట్టుకోవాలా?" అని ముఖం చిట్లిస్తాడు.

ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ విడిచిన బట్టల గురించే. వాటిని కొనుక్కోవడం, కట్టుకోవడం, మన బీరువాలో ఉన్నవాటిని నాలుగు కాలాలపాటు నిలుపుకోవడం. పొదుపు అనగానే నోరు కట్టుకుని, కోరికలు చంపుకుని బతకడమని అనుకుంటారు చాలామంది. బట్టల విషయంలో పొదుపంటే నా మటుకు అది బట్టను గుర్తుపట్టే నేర్పు. మా పెద్దవాళ్ళు కొట్లో గుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపేవాళ్ళు. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి లాగి చూసేవాళ్ళు. గుమ్మం దాకా తెచ్చి వెలుతురుకు ఎత్తి పట్టేవాళ్ళు. తర్వాతే ధర అడిగేవాళ్ళు. "దీన్లో పస లేదయ్యా" అని తిప్పి ఇచ్చేసేవాళ్ళు కూడా. ఇవాళ మనం బొమ్మ చూసి కొంటున్నాం, చీటీ చూసి కొంటున్నాం. వేళ్ళకు పని లేకుండా పోయింది. కొత్త బట్టైనా పాత బట్టైనా అడగాల్సింది ఒకటే: ఇందులో ఇంకా ఎంత పస ఉంది?

ఈ ప్రశ్న చాలా పాతది. బౌద్ధుల వినయపిటకంలో ఒక కథ ఉంది. కౌశాంబి రాజు ఉదయనుడి అంతఃపుర స్త్రీలు బుద్ధుడి శిష్యుడు ఆనందుడి ధర్మబోధ విని, ఆయనకు 500 వస్త్రాలు ఇచ్చారు. రాజుకు ఒళ్ళు మండింది. సన్యాసికి ఇన్ని బట్టలెందుకు, కొట్టు పెట్టుకుంటాడా అని నేరుగా వెళ్ళి అడిగేశాడు. చీవరాలు, అంటే ఒంటిమీది వస్త్రాలు, చిరిగిపోయిన భిక్షువులకు పంచుతానన్నాడు ఆనందుడు. మరి వాళ్ళ చిరిగినవేం చేస్తారు? పైదుప్పట్లు చేసుకుంటాం. పాత దుప్పట్లు? పరుపు గలీబులవుతాయి. పాత గలీబులు? నేల మీద పరుచుకుంటాం. అవీ పాతబడితే? కాళ్ళు తుడుచుకునే పట్టాలు. ఆ తర్వాత? దుమ్ము దులిపే గుడ్డలు. రాజు వదల్లేదు, అవి కూడా పీలికలైతే? పీలికల్ని ముక్కలు చేసి మట్టిలో కలిపి తొక్కి నేల అలుకుతాం అన్నాడు ఆనందుడు. రాజు శాంతించడమే కాదు, ఇంకో 500 వస్త్రాలు ఇచ్చి పంపాడట. అసలు భిక్షువుల చీవరమే ముక్కలు అతికి కుట్టింది. మగధ దేశపు వరిమళ్ళు, వాటి మధ్య గట్లు చూపించి, ఈ తీరుగా కుట్టవచ్చునా అని బుద్ధుడు ఆనందుణ్ణే అడిగాడని కూడా ఆ పిటకంలో ఉంది. దర్జీ పనిలో ఆనందుడు గట్టివాడన్నమాట.

ఆ వరస మన ఇళ్ళల్లో మొన్నమొన్నటిదాకా నడిచింది. పంచె మధ్యలో చిరిగితే అంచులు మిగిల్చి తువ్వాళ్ళు. తువ్వాలు పలచబడితే మజ్జిగ, పులుసు వడకట్టే గుడ్డ. మరీ మెత్తని ముక్కలు దీపం వత్తులకు. మిగిలింది పొయ్యి దగ్గర మసిగుడ్డ. చీరలైతే నాలుగైదు ఒకదాని మీద ఒకటి పరిచి, నలుగురు ఆడవాళ్ళు నాలుగు మూలలా కూర్చుని, పెద్ద సూదితో వరసగా కుట్లు వేస్తే బొంత. చలికాలం అంతా దాని కిందే. బెంగాలీల కాంథా, బీహారువాళ్ళ సుజని ఇదే పని. అవి ఇప్పుడు హస్తకళ పేరుతో అద్దాల కొట్లలో అమ్ముడవుతున్నాయి. మన బొంత మాత్రం అటక మీదే ఉండిపోయింది.

ఈ వరస తెగిపోవడానికి మనుషుల బద్ధకం ఒక్కటే కారణం కాదు, గుడ్డ కూడా మారింది. పాలియెస్టరు చీర చిరగదు. బాగానే ఉంది. కానీ అది నీళ్ళు పీల్చదు కాబట్టి మసిగుడ్డకు పనికిరాదు. చెమట పీల్చదు కాబట్టి బొంతకు పనికిరాదు. వత్తికి అసలే పనికిరాదు, నిప్పు తగిలితే కరిగి ముద్దవుతుంది. ఇదే పాలియెస్టరు టెరిలిన్ చొక్కాగా కొత్తగా వచ్చిన రోజుల్లో, ఇస్త్రీ అక్కర్లేదు, మాయదు, చిరగదు అని మనవాళ్ళు మురిసిపోయారు. నిజమే, చిరగలేదు. చిరగకుండానే మోజు పోయింది. కట్టుకోబుద్ధి కాదు, ఇంకో పనికి రాదు, పారేస్తే మట్టిలో కలవదు. నూలు బట్ట ముసలిదయ్యేకొద్దీ మెత్తబడి ఇంకో ఉద్యోగంలో చేరుతుంది. పాలియెస్టరుకు ఆ యోగం లేదు.

ఆడపిల్లల పరికిణీలు గుర్తున్నాయా? ఎదిగే పిల్లకు ఏటా పట్టు పరికిణీ ఎక్కడినుంచి తెస్తారు? అందుకని పొడుగ్గా కుట్టించి, అంచుకు పైన అడ్డంగా రెండో మూడో మడతలు వేసి కుట్టేవాళ్ళు. టక్కులనేవాళ్ళు వాటిని. పిల్ల చీలమండలు కనిపించడం మొదలుపెట్టగానే ఒక టక్కు విప్పేవాళ్ళు. విప్పిన చోట రంగు కొత్తగా ఉండేది. పైదీ కిందదీ వెలిసి, మధ్యలో ఒక పట్టీ మేర చిలకపచ్చగా మెరిసేది. పాత మడత గీత కూడా ఎంత ఇస్త్రీ చేసినా పోయేది కాదు. ఆ పట్టీలు లెక్కపెట్టి పరికిణీ వయసు చెప్పేయొచ్చు. తర్వాత అది చెల్లెలికి, ఆ తర్వాత పిన్ని కూతురికి. అప్పట్లో దాన్ని ఎవరూ పాత బట్టలు కట్టుకోవడం అనలేదు. అక్క పరికిణీ, అంతే.

మగవాళ్ళ చొక్కాలో ముందుగా చచ్చేది కాలరు. ఒళ్ళంతా గట్టిగా ఉంటుంది. మెడ దగ్గర మడతపడే చోట మాత్రం గడ్డం రాసుకుని, చెమటపట్టి, సబ్బు బ్రష్షుతో రుద్ది రుద్ది దారాలు లేస్తాయి. ఆ ఒక్క గీత కోసం చొక్కా మొత్తం పారేయడం ఏం న్యాయం? పాతకాలం టైలరు దగ్గరికి వెళ్ళి కాలరు తిప్పి కుట్టమని అడగండి. చేతిలో బ్లేడు ముక్క పట్టుకుని, కాలరు పట్టీలోకి దిగే చోట కుట్లు ఒక్కొక్కటే తెంపుతాడు. ఇక్కడ తొందరపడితే గుడ్డ తెగుతుంది. కాలరు విడిగా చేతిలోకి వచ్చాక పాత దారాలు ఏరేసి, తడి చేసి ఇస్త్రీ కొడతాడు. తర్వాత దాన్ని తిరగేస్తాడు. ఇన్నాళ్ళూ మెడ వైపు దాక్కున్న కింది పక్క పైకి వస్తుంది, అరిగిన పక్క కిందికి పోతుంది. మళ్ళీ అదే పట్టీలో పెట్టి, మధ్య గుర్తు మధ్యకు కలిపి, పాత సూది రంధ్రాల మీదుగానే కుట్టు వేస్తాడు. చొక్కాకు ఇంకో ఆయుష్షు వచ్చినట్టే. కాలరు మొనల్లో కాజాలున్న రకానికి ఇది కుదరదు. లోపలి పక్క వేరే గుడ్డ వేసిన రెడీమేడ్‌లకూ కుదరదు. అరిగిన చోట మరీ చిల్లు పడకముందే చేయించాలి. గళ్ళ చొక్కాకైతే తిప్పిన సంగతి పక్కనున్నవాళ్ళకు కూడా తెలియదు.

రఫూ పని ఇంకా గొప్పది. పట్టుపంచె మీద నిప్పురవ్వ పడింది, ఉన్ని కోటుకు పురుగు కొట్టింది, శాలువా మేకుకు తగులుకుంది అనుకోండి. రఫూ చేసేవాడు దానికి అతుకు వేయడు. అదే బట్టలో ఎవరికీ కనిపించని లోపలి మడతలోంచి నాలుగు దారాలు లాగుతాడు. వాటిని సూదికి ఎక్కించి, చిల్లు మీదుగా ముందు నిలువు దారాలు పరుస్తాడు, తర్వాత అడ్డం దారాన్ని ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా పోనిస్తాడు. మగ్గం చేసే పనిని సూదితో చేస్తాడన్నమాట. ఉత్తరప్రదేశ్‌లోని నజీబాబాద్ తరతరాల రఫూ పనివాళ్ళకు పేరుపడ్డ ఊరు. హైదరాబాద్ పాతబస్తీలో కూడా ఈ పని తెలిసిన చేతులున్నాయి. ఈ పని ఎంత బాగా చేస్తే అంత కనిపించకుండా పోతుంది. పేరు రాకపోవడానికి అదే కారణమేమో.

"ఇదంతా బాగానే ఉంది గానీ, బాగు చేయించే డబ్బులతో కొత్త టీషర్టు వస్తుంది కదా" అంటారు. వస్తుంది. ఆ లెక్క నేను కాదనను. కుట్టే మనిషి కూలి పెరిగింది, పెరగాలి కూడా. కొత్త గుడ్డ మాత్రం వింతగా చవకైపోయింది. అంత చవకగా ఎలా వస్తోందో దాన్ని కుట్టిన ఊళ్ళలో అడగాలి. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా బట్టల పనివాళ్ళు చనిపోయారు. ముందురోజే గోడలు బీటలిచ్చాయి, అయినా పనిలోకి రమ్మన్నారు. నాసి టీషర్టు నాలుగు ఉతుకులకే మెలితిరిగిపోతుంది. తిప్పించిన కాలరు చొక్కా దానికంటే ఎక్కువకాలం మన్నుతుంది. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ఇంక ఉతుకు. బట్ట ఆయుష్షు సగం కట్టుకోవడంలో పోతే సగం ఉతకడంలో పోతుంది. వాషింగ్ మెషీను జల్లెడలో బూడిదరంగు పీచు పేరుకుంటుంది చూశారా? మురికి అనుకుని పారేస్తాం. అది మన బట్టే. ఒక్కో ఉతుకులో కాస్త కాస్తగా రాలిపోతున్న నూలు. అందుకే ఒక పూట కట్టి విప్పిన చీరను తడపనక్కర్లేదు, నీడన గాలికి ఆరేస్తే చాలు. జీన్స్ అయితే ఇంకా నయం, ఎంత తక్కువ ఉతికితే అంత మంచిది. ముదురు రంగులు తిరగేసి ఉతికి, తిరగేసి నీడలో ఆరేయాలి. పట్టుకు కుంకుడు రసం ఎందుకు వాడేవాళ్ళంటే దాని ఘాటు తక్కువ. తెల్లగా చేస్తుందని పట్టు మీద బ్లీచింగ్ నీళ్ళు పోశారా, దారమే కరిగిపోతుంది. గంజి కూడా ఉత్త దర్జా కోసం పెట్టలేదు. మురికి గంజికి అంటుకుంటుంది, గంజితోపాటే నీళ్ళలో వదిలిపోతుంది, నూలు దాకా వెళ్ళదు. కానీ గంజి పెట్టిన బట్టను నెలల తరబడి పెట్టెలో దాచకండి. బొద్దింకలకూ పుస్తకాల పురుగులకూ అది విందుభోజనం.

పట్టుచీరల సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే బీరువాలో ఖరీదంతా అక్కడే ఉంటుంది. అసలు జరీ అంటే పట్టు దారానికి వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పోసింది. అది లోహం. ఒకే మడత మీద ఏళ్ళ తరబడి ఉంటే ఆ గీత వెంట విరుగుతుంది, పట్టూ చీలుతుంది. పెళ్ళిచీర చూసుకుందామని పదేళ్ళకు తీసి విప్పితే మడతల్లో నిలువునా చీలికలు కనిపించేది అందుకే. మూడు నాలుగు నెలలకోసారి తీసి, మడత మార్చి పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో ఉంచితే లోపల చెమ్మ చేరి జరీ నల్లబడుతుంది, పాత నూలు గుడ్డలో చుట్టండి. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి. వీధిలో "పాత పట్టుచీరలు కొంటాం" అని కేకేస్తూ వచ్చేవాళ్ళకు కావలసింది మీ చీర కాదు, ఆ జరీలో వెండి. చీర కాల్చి వెండి తీస్తారు. వాళ్ళకు అమ్మేముందు ఒక్కమాట. ఒళ్ళు చీలినా అంచు గట్టిగా ఉంటే దాన్ని జాగ్రత్తగా విడదీయించి, మామూలు నూలు చీరకు వేయించుకోవచ్చు. చీలని భాగంలో మనవరాలికి పరికిణీ వస్తుంది.

పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆవిడను గమనించారా ఎప్పుడైనా? బట్టలో పస చూడటం ఎలాగో నేర్చుకోవాలంటే గుమ్మంలో ఆవిడ ఎదురుగా కూర్చోవాలి. మనం మూట విప్పి గర్వంగా చీరలు ముందు పెడతాం. ఆవిడ వాటిని పక్కకు తోసి పాంట్లు లాగుతుంది. రెండు చేతులు నడుములో దూర్చి వెనక భాగాన్ని వెలుతురుకు పట్టి చూస్తుంది. కూర్చునే చోట గుడ్డ పలచబడితే అక్కడ ఆకాశం కనబడుతుంది. జిప్పు ఒకసారి పైకీ కిందికీ. మోకాళ్ళ మీద బొటనవేలితో ఒక నొక్కు. "అమ్మా, దీనికి మోకాళ్ళు పోయాయి, లెక్కలోకి రాదు. ఇంకో పాంటు వెయ్యి, గిన్నెకు మూత కూడా ఇస్తా." "మూతకు పాంటా? మొన్నే కొన్నది!" "మొన్న కొన్నదైతే ఎందుకిస్తున్నావమ్మా?" ఈ ప్రశ్నకు మన దగ్గర జవాబు ఉండదు. గిన్నె తీసుకుని లోపలికి వచ్చేస్తాం.

ఆవిడ మూట ఎక్కడికి వెళ్తుంది? ఉతికి, బాగు చేసి, ఇస్త్రీ కొట్టి సంతల్లో అమ్ముతారు. ఢిల్లీ రఘుబీర్ నగర్‌లో గుజరాత్ నుంచి వచ్చిన వాఘ్రీ కులస్థులు తెల్లవారకముందే ఈ పాత బట్టల సంత నడుపుతారు. మనకు హైదరాబాద్‌లో పాత సామాన్లకు జుమ్మెరాత్ బజార్ ఉంది, పేరుకు తగ్గట్టే గురువారం సంత. కట్టుకోవడానికి పనికిరాని ఉన్నిబట్టలు హర్యానాలోని పానిపట్టు చేరతాయి. మనకు మూడు యుద్ధాలుగా తెలిసిన ఊరే. చలిదేశాలవాళ్ళు విడిచిన స్వెట్టర్లూ కోట్లూ కూడా కండ్లా రేవు మీదుగా అక్కడికి వస్తాయి. వాటిని యథాతథంగా ఇక్కడ అమ్మకూడదని కోతలు పెట్టి మరీ పంపుతారు. పానిపట్టులో ఆడవాళ్ళు నేలకు బిగించిన కత్తుల ముందు కూర్చుని జిప్పులు, బొత్తాలు, చీటీలు కోసేస్తారు. ఎర్రవి ఒక గుట్ట, నీలివి ఒక గుట్ట. రంగులవారీగా విడదీస్తే మళ్ళీ అద్దకం అక్కర్లేదు. యంత్రం ఆ గుడ్డల్ని పీకి పీచు చేస్తుంది, పీచును వడికి నూలు, నూలుతో దుప్పట్లు. ఈ విద్య 1813లో ఇంగ్లండులోని బాట్లీలో బెంజమిన్ లా అనే ఆయన మొదలుపెట్టింది. భూకంపాలు, వరదలు వచ్చినచోట పంచే చవక దుప్పట్లు చాలాకాలం ఎక్కువగా ఇవే ఉండేవి. ఈమధ్య పాలియెస్టరు ఫ్లీసు దుప్పట్లు వచ్చి ఈ పరిశ్రమను దెబ్బతీశాయి. ఇక్కడా అదే విలను.

పానిపట్టులో పనిచేసే ఆ ఆడవాళ్ళ మీద మేఘనా గుప్తా 2012లో 'అన్‌రావెల్' అని ఒక చిన్న డాక్యుమెంటరీ తీశారు. ఇంత మంచి బట్టలు ఎందుకు పారేస్తున్నారో వాళ్ళకు అర్థం కాదు. ఆ దేశాల్లో నీళ్ళు బాగా ఖరీదేమో, ఉతుక్కోవడం కంటే పారేయడమే చవకేమో అని వాళ్ళలో వాళ్ళే ఒక కారణం వెతుక్కుంటారు. నాకు ఇంతకన్నా మంచి కారణం ఇప్పటికీ దొరకలేదు.

విడిచిన బట్ట కొనడానికి మనకు అడ్డొచ్చేది అశుభ్రం అనుకోను. హోటలు గదిలో దుప్పటి ఎవరు కప్పుకున్నదో మనం అడగం. పెళ్ళికి లెహంగా అద్దెకు తెస్తే అడగం, పైగా ఫోటోలు పెట్టుకుంటాం. అడ్డొచ్చేది నలుగురి చూపు. అమెరికాలో చదువుకునే మన పిల్లల్ని చూడండి. దిగిన మొదటి చలికాలంలోనే చాలామంది కోటు కోసం గుడ్‌విల్ కొట్టుకు వెళ్తారు. 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే పాస్టరు మొదలుపెట్టిన సంస్థ అది. ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో పాతవి సేకరించి, లేనివాళ్ళకు వాటిని బాగుచేసే పని ఇచ్చి, అమ్మేవాడు. అక్కడ ఆ కోటు వేసుకోవడానికి మనవాడికి ఏ సిగ్గూ లేదు. విజయవాడలో అదే కోటు వాళ్ళ మేనమామ ఇస్తే వేసుకునేవాడు కాదు.

కొనేటప్పుడు ఏం చూడాలంటే, ఆ స్టీలు సామాన్ల ఆవిడ చూసినవే. చంకల కింద, మోకాళ్ళు, మోచేతులు, కూర్చునే చోటు. చీరకైతే కాలి దగ్గరి అంచు. రంగు కాస్త వెలిసినా ఫరవాలేదు, గుడ్డ పలచబడితే వద్దు. బొత్తాం లేకపోవడం లోపం కింద లెక్క కాదు, బేరం కింద లెక్క. లోపలి కుట్టు తిప్పి చూడండి. పాతకాలం టైలరు వెనక కుట్టులో రెండంగుళాల గుడ్డ వదిలేవాడు, మనం లావెక్కుతామని ఆయనకు ముందే తెలుసు. అలాంటిది దొరికితే వదలకండి. నూలో కాదో అనుమానమైతే కొన్నాక లోపలి నుంచి ఒక దారం లాగి, పళ్ళెం మీద పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. నూలు కాగితం వాసనతో కాలి మెత్తని బూడిదవుతుంది. పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది. పాలియెస్టరు కరిగి గట్టి నల్లపూస అవుతుంది. రేయాను కూడా నూలులాగే కాలుతుంది గనక, దాని దారాన్ని తడిపి తెంపండి. తడిస్తే ఇట్టే తెగుతుంది. ఇంటికి తెచ్చిన నూలు బట్టను వేడినీళ్ళలో ఉడకేసి, కుట్ల మీద వేడి ఇస్త్రీ నడిపితే నల్లుల భయం ఉండదు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే ఈ ప్రసంగం అబద్ధం అవుతుంది. పాత బట్ట కట్టుకోవడం అందరికీ ఒకటి కాదు. మన సమాజం కొందరిని తరతరాలుగా పాత బట్టలకే పరిమితం చేసింది. చచ్చినవాళ్ళ బట్టలే కట్టుకోవాలని చండాలులకు శాసించిన మనుస్మృతి మనదే. ఇస్త్రీ నలగని సూటు వేసుకుని డాక్టర్ అంబేద్కర్ ఎందుకు నిలబడ్డారో, ఆయన విగ్రహానికి కూడా ఆ సూటు ఎందుకు ఉండి తీరాలో దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి. పండక్కి కొత్త బట్ట కోసం ఏడాదంతా ఎదురుచూసే ఇంటికి వెళ్ళి పొదుపు పాఠాలు చెప్పే అర్హత నాకు లేదు, మీకూ లేదు. నేను చెబుతున్నది బీరువా తలుపు పట్టక తోసి మూస్తున్నవాళ్ళకు.

వాళ్ళు పాత బట్టలు పంచిపెట్టే తీరు కూడా చూడాలి. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో, దేశమంతా పంపిన పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలు పడ్డాయి. సర్వం పోగొట్టుకున్న జాలరి ఆడవాళ్ళు కూడా వాటిని ముట్టలేదు. చిరిగినవి, మాసినవి, వాళ్ళెన్నడూ కట్టని రకాలు. బాధితుల పేరు చెప్పి బీరువా ఖాళీ చేసుకున్నవాళ్ళే ఎక్కువమంది. 1999లో ఢిల్లీలో అన్షు గుప్తా మొదలుపెట్టిన గూంజ్ సంస్థ బట్టను దానంగా పంచదు. ఊరివాళ్ళు తమ ఊరికి కావలసిన పని, చెరువు పూడిక తీయడమో, బాట వేయడమో, చేసుకుంటే దానికి ప్రతిఫలంగా ఇస్తుంది. ఆయనకు 2015లో మెగసెసే పురస్కారం వచ్చింది. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి చీర ఇవ్వాలనుకుంటే ఉతికి, ఫాల్ ఊడితే కుట్టించి, ఇస్త్రీ చేయించి ఇవ్వండి. ముందు కావాలా అని అడగండి. వద్దంటే ఏమీ అనుకోకండి. మీరు మళ్ళీ కట్టుకోలేని స్థితిలో ఉంటే అది ఇచ్చేది కాదు, మసిగుడ్డ.

మసిగుడ్డ అంటే గుర్తొచ్చింది. చొక్కాను ముక్కలు చేసేముందు బొత్తాలు కోసేయండి, జిప్పు, హుక్కులు ఊడదీయండి. ఒకే చొక్కా బొత్తాలు ఒకే దారానికి గుచ్చి ముడేస్తే, ఇంకో చొక్కాకు ఒకటి పోయినప్పుడు మొత్తం సెట్టు మార్చేయొచ్చు. జిప్పును రెండు పక్కలా కాస్త గుడ్డతో సహా కత్తిరిస్తే దిండు గలీబుకు పనికొస్తుంది. వీటిని దాచడానికి ఖాళీ బిస్కెట్ల డబ్బా చాలు. దానికోసం కొత్త డబ్బా మాత్రం కొనకండి.